జమేదారు వేటచిరుత అయిన చలికాలం

మొన్న ఆదివారం మా మునిమనవడు ఫోను పట్టుకొని నా మంచం దగ్గరికి వచ్చాడు. తెర మీద ఒక జంతువు గుట్ట అంచున నిలబడి వెనక్కి తిరిగి చూస్తోంది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, ఒంటి నిండా నల్లచుక్కలు. "తాతమ్మా, గీ వేటచిరుతలు మన దిక్కు ఎన్నడో ఖతమైనయంటరు గద. మొన్న నల్లమలల ఒకటి కనబడ్డదట. అందరు ఫోటో పంపుకుంటున్నరు. నిజమే అంటవా?" అని అడిగాడు. కళ్లద్దాలు తెప్పించుకొని చూశాను. గుట్ట మీది రాళ్ల నీడలు ఎడమ పక్కకు పడ్డాయి, చిరుత నీడ కుడి పక్కకు పడింది. పైగా ఎండలో నిలబెట్టిన జీవి ముఖంలో ఉండే విసుగు దాని ముఖంలో లేదు. "ఉత్తదే బిడ్డా" అన్నాను. తొంభై దాటిన ముసలిదానికి ఫోటోల సంగతి ఏం తెలుసునన్నట్లు చూశాడు. "మేం గూడ చేసినం. మాది ఇంతకంటె మంచిగ వచ్చింది" అనేసరికి నాకే నవ్వు ఆగక పెట్టుడు పళ్లు జారి ఒళ్లో పడ్డాయి. వాడు ముందు పళ్లు కడిగి తెచ్చిచ్చి, తర్వాత కూర్చున్నాడు.

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కాకపోతే వాడు అన్నం పిలుపు రాగానే మధ్యలో లేచిపోయాడు. రాతలో అయితే నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు.

అవి నిజాం దొరతనం చివరి రోజులు. మర్రిగూడ దాటి గుట్టల దారి పట్టి పోతే మా అవ్వ ఊరు. అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. గొర్రెలు కాసుకొని బతికే ఇల్లు మాది. జొన్నకోతలు కాగానే అమ్మా నాయినా పెద్దమందను తోలుకొని మేత వెతుక్కుంటూ కృష్ణ ఒడ్డు దిక్కు పోయేవాళ్లు, మళ్లీ తొలకరికే రావడం. అంతదూరం నడవలేని ముసలి గొర్రెలను, పాలు మరవని పిల్లలను, నన్నూ అవ్వ దగ్గర వదిలిపెట్టేవాళ్లు. నాకప్పటికి పదహారేళ్లు, పెళ్లి మాట కూడా ఖాయమైంది. అయినా గొర్రెలనూ నన్నూ అవ్వ ఒకే గొంతుతో అదిలించేది. పిలుపు ఎవరికో తెలియక నేనూ గొర్రెపిల్లలూ కలిసి పరుగెత్తుకొచ్చేవాళ్లం.

అవ్వ పొట్టి మనిషి. భుజం మీద నల్లగొంగడి, చేతిలో కర్ర, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట. అబద్ధం చెప్పాల్సి వస్తే ముందు ముక్కుపుడక సర్దుకునేది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఊళ్లో ఎవరికీ తెలియదు. దేనికీ జంకని ఆ మనిషికి ఒకే ఒక్క సిగ్గు ఉండేది, పళ్లు. ఆమెకే కాదు, మా ఊరందరికీ అదే సిగ్గు. మా బావుల నీళ్లు తాగి పెరిగిన ప్రతివాళ్ల పళ్ల మీదా పసుపు చారలో, గోధుమరంగు మరకలో పడేవి. ఊళ్లో ఉన్నంతసేపూ ఎవరికీ పట్టింపు లేదు, అందరివీ అవే పళ్లు కదా. పొరుగూరి మనిషి కనబడితే మాత్రం నోటికి కొంగు అడ్డం వచ్చేది. నవ్వు వస్తే మూతి బిగించి భుజాలు ఊపి నవ్వేవాళ్లు. మా ఊరికి పెళ్లికి వచ్చిన కొత్తవాళ్లు కొందరు, ఇక్కడ ఊరంతటికీ ఎక్కిళ్ల జబ్బు ఉందేమో అనుకున్నారట.

ఇక జమేదారు మా కుక్క. కృష్ణ అవతల నుంచి వచ్చిన మందలవాళ్లకు ఒక గొర్రెపిల్లను ఇచ్చి అవ్వ తెచ్చుకున్న వేటకుక్క. ఒళ్లంతా ఎర్రమట్టి రంగు, డొక్కలు లోపలికి, కాళ్లు మరీ పొడుగు. తోడేలు వాసన తగలనంతసేపూ అది గడపకు అడ్డంగా పడుకొని, ఇంట్లోకి వచ్చే ప్రతివాడినీ కింది నుంచి పైదాకా కొలిచి చూసేది. ఠాణా ముందు కుర్చీలో కూర్చునే జమేదారు చూపు అచ్చం అలాగే ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఒక ఏడు దొడ్డిలోకి తోడేళ్లు దూకితే మనుషులు లేచి కాగడాలు అందుకునేలోపు అది ఒక్కతే వాటిని నిలువరించింది. అప్పుడు దాని ఎడమ చెవి అంచు చిరిగింది. ఆనాటి నుంచి అవ్వ తన రొట్టెలో సగం తుంచి దానికి పెట్టనిదే తాను తినేది కాదు. "నా కొడుకులల్ల మాట వినేది గిదొక్కటే" అనేది. ఆ మాట చిన్నమామ చెవిన పడాలనే అనేది.

చిన్నమామ అవ్వ కడగొట్టు కొడుకు. ఒకే ఒక్క ఏడు గొర్లు కాశాడు. ఆ ఏడు మంద ఎన్ని పొలాల్లో పడిందో, ఎన్ని పంచాయితీలు అయ్యాయో చెప్పడం మొదలుపెడితే ఇంకో కథ అవుతుంది. తర్వాత పట్నం పోయి ఒక ఫోటోల దుకాణంలో ఊడ్చి, గాజుపలకలు కడిగి, పని నేర్చుకొని, మూడుకాళ్ల పెట్టె కెమెరాతో తిరిగివచ్చాడు. దేవరకొండ అంగడిబజారులో ఒక గది కిరాయికి తీసుకొని, మెట్లూ నెమలీ పూలకుండీలూ ఉన్న పరదా ఒకటి వెనకగోడకు వేలాడదీశాడు. ఆ నెమలి ముందు నిలబడటానికి మనుషులు రావాలి కదా. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని కొందరికి భయం, మా దిక్కు వాళ్లకేమో పళ్ల బాధ. మామకు మాత్రం ఒక పట్టుదల ఉండేది, అవ్వ నోరారా నవ్వుతుండగా ఒక్క ఫోటో తీయాలని. బతిమాలగా బతిమాలగా ఒకసారి కూర్చుంది. వచ్చిన ఫోటో చూసుకొని, "ఎవరి సావుకు పోయొచ్చిన మొఖమిది" అని గోడవైపు తిప్పి పెట్టింది.

పని లేకపోయినా రోజూ దుకాణానికి వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తాలూకా కచేరీలో సిరస్తాదారుగా, అంటే గుమాస్తాలందరి మీద పెద్దగా, చేసి దిగిపోయిన ముసలాయన. ఎండాకాలంలో కూడా షేర్వాణీ బొత్తాలన్నీ పెట్టుకునే ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒక నవాబుగారి దగ్గర వేట సరంజామా చూసుకునేవాడట. ఆ నవాబుకు పెంపుడు వేటచిరుతలు ఉండేవి. వాటి కళ్లకు తోలుగంతలు కట్టి, ఎడ్లబండ్ల మీద మా గుట్టల దాకా తెచ్చి, జింకల మంద కనబడగానే గంతలు విప్పేవాళ్లట. "గంత విప్పినంక రెప్ప కొట్టినవంటే ఇగ అంతే బేటా, నువ్వు చూడనట్టే" అనేవాడు. రానురాను పెంపుడువి చచ్చిపోయాయి, అడవిలోవి కనబడటం మానేశాయి. "ఒక్క ఫోటోనన్న తీపిచ్చి పెట్టుకోకపోతిమి. ఇయ్యాల ఎవరన్న చూపిస్తే కండ్లకద్దుకుంట" అని ఆయన రోజూ అనేవాడు, మామ రోజూ వినేవాడు.

ఒక అంగడినాడు మామ ఊరికి వచ్చి, గడపకు అడ్డంగా పడుకున్న జమేదారును దాటకుండా అక్కడే నిలబడ్డాడు. నడుము చూశాడు, కాళ్లు చూశాడు, సన్నటి పొడుగు తోక చూశాడు. "అమ్మా, దీనికి చుక్కలొక్కటే తక్కువ" అన్నాడు. సంగతి విని అవ్వ ముందు ససేమిరా అంది. "ఫోటో దుకాణంల పెడితె మంది చూడనీకి వస్తరు. వచ్చినోళ్లల్ల పదిమంది ఫోటో దిగుతరు. లేదంటవా, దుకాణం బంద్ చేసి గొర్ల ఎంబడి వస్త" అన్నాడు మామ. అవ్వకు ఆ ఒక్క ఏడు గుర్తుకొచ్చి ఉంటుంది. "ఫోటో ఎప్పుడు దించుతవు" అని అడిగింది.

చుక్కలు పెట్టే పని నాదే, ఊళ్లో ముగ్గులకు నా చేతిని చెప్పుకునేవాళ్లు. మొదట జమేదారు ఒళ్లంతా పసుపు పూశాం. కుక్క మల్లన్నస్వామి వాహనం, దానికి పసుపు పూస్తే తప్పేమీ లేదని అవ్వ సర్దిచెప్పుకుంది. పసుపు మీద ఆముదంలో కలిపిన దీపం మసితో చుక్కలు పెట్టాను. కంటికి భలేగా ఉంది. మామ నల్లగుడ్డ కప్పుకొని ఫోటో తీసి, దేవరకొండ పోయి కడిగి, తర్వాతి వారం ముఖం వేలాడేసుకొని వచ్చాడు. ఫోటోలో రాయి మీద ఒక బర్రెదూడ నిలబడి ఉంది. ఆ కాలపు గాజుపలకలకు పసుపు రంగు నల్లగా పడుతుందట. పట్నంలో ఉస్తాదు చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పినా ఆ వేళకు గుర్తురాలేదని తల కొట్టుకున్నాడు. ఈలోగా జమేదారు తన మసిని గొర్రెపిల్లలకు, పరుపుకు, అవ్వ చీరకు తలా ఇంత పంచిపెట్టింది.

రెండోసారి అవ్వ ముందుకొచ్చింది. పని చెడితే ఆమెకు నచ్చదు, ఆ పని దొంగపని అయినా సరే. కింద పూతకు పసుపు మానేసి ముగ్గుపిండిని గంజిలో కలపమంది. "మసి కారుతది పోరి. గొంగడికి పట్టిచ్చినట్టు పట్టియ్యాలె" అని చుక్కల రంగు తానే కాచింది. మా ఇళ్లల్లో ఉన్నితో గొంగళ్లు నేసేటప్పుడు చింతగింజలు ఉడికించి గంజి పట్టిస్తారు. ఎంత వానలో తడిసినా గొంగడి బిగువు సడలదు. కరక్కాయ కషాయంలో తుప్పుమేకులు నానబెడితే వచ్చే నల్లనీళ్లను ఆ గంజిలో కలిపి, నా చేతికి ముంత ఇచ్చింది. ఈసారి చుక్క పెట్టింది పెట్టినట్లే ఆరింది. కంటి మూల నుంచి నోటి దాకా కన్నీళ్లు కారినట్లు నల్లచారలు ఉంటాయని సిరస్తాదారు సాబ్ చెప్పిన మాట మామ గుర్తుచేస్తే కాటుకపుల్లతో అవీ దిద్దాను. వేలాడే చెవులను ఉన్నిదారంతో వెనక్కి కట్టాం. రాయి వెనక అవ్వ నక్కి కూర్చొని రొట్టెముక్క పట్టుకుంది. జమేదారు రొట్టె వంకే చూస్తూ కదలకుండా నిలబడింది. ఎంతో దూరాన జింకను చూసినట్లు వచ్చింది ఫోటో.

దాన్ని అద్దం కట్టించి దుకాణం ముందు పెట్టాడు మామ. పెట్టిన రోజు నుంచి అంగడికి వచ్చినవాళ్లెవరూ అక్కడ ఆగకుండా పోలేదు. విచిత్రం ఏమిటంటే, ఫోటో చూసినవాళ్లలో సగంమంది తాము అంతకుముందే ఆ చిరుతను చూశామన్నారు. ఒకాయనకు అది వాగు దగ్గర నీళ్లు తాగుతూ కనబడింది. ఒకామె కంది చేన్లో చూసింది. మా పక్కింటాయన అయితే జమేదారును రోజూ చూసే మనిషి, అది తన ఎదురుగా బండరాయి మీది నుంచి దూకిందని ఒట్టుపెట్టి చెప్పాడు. సిరస్తాదారు సాబ్ సంగతి వేరు. ఫోటో ముందు నిలబడి, కళ్లజోడు తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, గోడ పట్టుకున్నాడట. ఆయన ఆ సంతోషం దాచుకోలేక పాత నవాబుగారి కొడుక్కు, అంటే ఇప్పటి నవాబుగారికి, కబురు పంపాడని మాకు తర్వాత తెలిసింది.

శిస్తు వసూలు చూసే మా ఊరి మాలీపటేలు ఆ కబురును హుకుం రూపంలో తెచ్చాడు. నవాబు సర్కార్ చిరుత వేటకు వస్తున్నారు. ఇంటికో మనిషి డప్పుతోనో కర్రతోనో హాకాకు రావాలి, అంటే గుట్టను చుట్టుముట్టి చప్పుడు చేస్తూ జంతువులను తుపాకుల దిక్కు తోలాలి. కోళ్లు, పాలు, కట్టెలు ఊరే ఇవ్వాలి. కూలి మాట ఎవరూ అడగలేదు, వెట్టికి కూలి ఉండదు. చిరుత పడగానే నవాబుగారు దాని మీద కాలు పెట్టి నిలబడితే ఫోటో తీయడానికి మా మామ కూడా కెమెరాతో రావాలి. హుకుం చదివి పటేలు వెళ్లిపోయాక మేం ముగ్గురం ఒకేసారి గడప వైపు చూశాం. జమేదారు చుక్కలతో సహా ఎండలో కాళ్లు చాపి నిద్రపోతోంది.

చుక్కలు పోలేదు. కుంకుడుకాయలతో రుద్దాం, చాకలామె ఇచ్చిన చవుడుతో రుద్దాం, ఆముదం పట్టించి నానబెట్టి రుద్దాం. కింది తెల్లపూత మొదటి నీళ్లకే పోయింది. దాని ఎర్రమట్టి ఒంటి మీద చుక్కలు ఇంకా ముద్దుగా తేలాయి. ఇప్పుడే అసలైన చిరుతలా తయారైంది. గొర్రెల కత్తెరతో బొచ్చు కత్తిరించి చూశాను. కింద చర్మానికీ చుక్క ఉంది. "గొంగడి గంజి గట్లనే ఉంటది" అంది అవ్వ. ఆ గొంతులో కొంచెం గర్వం, చాలా భయం. ఆ తర్వాత ఆమె జమేదారును కొట్టంలో కట్టేసి, దాని పక్కనే కూర్చుంది. రొట్టెలో సగం దానికి పెట్టి, తన సగం తినకుండా చేతిలోనే పట్టుకుంది. "తుపాకికి కుక్కని తెలుస్తదా" అని అడిగింది నన్ను. నాకు ఏడుపు వచ్చింది.

మామ నిజం చెప్పేస్తానని సిరస్తాదారు సాబ్ ఇంటికి పోయాడు. ఆయన పెట్టెలోంచి పాత వేటకోటు తీసి ఎండలో ఆరేసి, చిమ్మటలు కొట్టిన చోట రఫు చేయిస్తున్నాడట. మామను పక్కన కూర్చోబెట్టుకొని మిఠాయి నోట్లో పెట్టి, "నీ పుణ్యాన సచ్చేలోపల ఇంకొక్కసారి చూస్త బేటా" అన్నాడట. మిఠాయి నోట్లో ఉండగా మామకు మాట పెగలలేదు. అది మింగేసరికి ధైర్యం కూడా దాంతోపాటే లోపలికి పోయింది.

వేటనాడు ఊళ్లో మనుషులంతా తెల్లారకముందే గుట్టకు పోయారు. ఊరి కోళ్లు అంతకుముందే డేరాల్లోకి చేరి పులావులో కలిసిపోయాయి. అవ్వ జమేదారు మెడకు రెండు తాళ్లు వేసి, ఒళ్లంతా గొంగడి చుట్టి, కొట్టం తలుపుకు అడ్డంగా తిరుగలి రాయి దొర్లించింది. ఇద్దరం కాపలా కూర్చున్నాం. పొద్దెక్కాక గుట్ట మీది నుంచి డప్పుల మోత మొదలైంది. మేం ఒక్క సంగతి మరిచిపోయాం. మా దిక్కు తోడేళ్లను తరిమేటప్పుడు కూడా డప్పులే కొడతాం. ఆ చప్పుడు వింటే జమేదారు పడుకొని ఉండే కుక్క కాదు. ఒక తాడు తెంపింది, ఒక తాడు కొరికింది, కొట్టం వెనక తడిక చీల్చుకొని బయటపడింది. గొంగడి తడికకే వేలాడుతూ ఉండిపోయింది.

అవ్వ అలా పరుగెత్తగలదని నాకు ఆ రోజు దాకా తెలియదు. కర్ర పారేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని, ముళ్లూ రాళ్లూ చూడకుండా పోయింది. నేను వెనకబడ్డాను. గుట్ట మలుపు తిరిగేసరికి కింద మైదానం కనబడింది. ఒక పక్క కుర్చీ వేసుకొని నవాబుగారు, వెనక తుపాకులు పట్టుకున్న మనుషులు, పక్కనే రఫు కోటు వేసుకున్న సిరస్తాదారు సాబ్, కొంచెం ఎడంగా మూడుకాళ్ల కెమెరా, దాని వెనక ముఖం పాలిపోయిన మా మామ. ఎదురుగా పొదల్లోంచి ఒక కుందేలు దూకింది. దాని వెనక జమేదారు. చెవులు వెనక్కి వాలి, ఒళ్లు నేలకు పరుచుకొని, చుక్కలన్నీ కలిసి గీతలైపోయేంత వేగంగా పోతోంది. చుక్కలు పెట్టిన నేనే ఒక క్షణం అది చిరుత అనుకున్నాను. నవాబుగారు లేచి తుపాకి ఎత్తాడు.

అప్పుడు అవ్వ ఆ తుపాకికీ కుక్కకూ మధ్యలోకి పోయి, రెండు చేతులూ చాపి, మందను పిలిచే గొంతుతో "జమేదార్" అని ఒక్క కేక పెట్టింది. కుందేలు ఎటో పోయింది. చిరుత గిర్రున తిరిగి, వచ్చినంత వేగంగా వెనక్కి వచ్చి, అవ్వ భుజాల మీద ముందుకాళ్లు వేసి ముఖం నాకింది. డప్పులు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. నవాబుగారు తుపాకి దించకుండానే దగ్గరికి నడిచివచ్చి, వాళ్ల తెలుగులో, "ముసలమ్మా, ఏంది ఇది?" అని అడిగాడు.

అవ్వ ఒక చేత్తో జమేదారు మెడ పట్టుకొని, రెండో చేత్తో ముక్కుపుడక సర్దుకుంది.

"మా కుక్క, సర్కార్. తోడేండ్లతోని గొర్లు ఆగుతలెవ్వు. పీర్ల పండుగకు మనుషులకు పులి యేషం ఏస్తరు గద, గట్ల దీనికి ఏసిన. తోడేలు చూసి పులి అనుకుంటదని."

నవాబుగారు మామ వైపు తిరిగాడు. "మరి వీడు ఫోటో తీసింది?"

మామ నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "వాడు గొర్ల కాడికి ఎన్నడొచ్చిండు సర్కార్, ఇంటి కుక్కను గుర్తువట్టనీకి?"

అది మాత్రం ముక్కుపుడక ముట్టుకోకుండానే అంది. నవాబుగారు జమేదారు వంక చూశాడు. జమేదారు కూడా ఆయనను కింది నుంచి పైదాకా కొలిచి చూసి తోక ఊపింది. "అయితే నీ యేషం పనిచేసిందా?" అని అడిగాడు ఆయన.

"తోడేలైతె రాలే" అంది అవ్వ. "మీరొచ్చిండ్రు."

ఆ మాట నోట్లోంచి జారాకే దాని బరువు ఆమెకు తెలిసింది. నవాబుగారి మీసం ముందు ఒక పక్క కదిలింది, తర్వాత రెండో పక్క కదిలింది, ఆ తర్వాత ఆయన తుపాకి వెనకవాడి చేతికి ఇచ్చి, పొట్ట పట్టుకొని నవ్వాడు. ఆయన నవ్వగానే తుపాకులవాళ్లు నవ్వారు, డప్పులవాళ్లు నవ్వారు, మా ఊరు ఊరంతా మూతి బిగించడం మరిచిపోయి, పచ్చటి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. జమేదారును గట్టిగా కరుచుకొని అవ్వ కూడా నవ్వింది. తలవెనక్కి వేసి, నోరారా. అప్పుడు నల్లగుడ్డ కింది నుంచి కెమెరా టక్కుమంది.

హాకా ఆ పూటతో ముగిసింది. నవాబుగారు డేరాలు ఎత్తించి, తాను నవ్విన సంగతి పట్నంలో చెప్పుకోవడానికి వెళ్లిపోయాడు. తిన్న కోళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. మనుషులు చెదిరిపోయాక చూస్తే సిరస్తాదారు సాబ్ ఒక రాయి మీద కూర్చొని ఉన్నాడు, టోపీ ఒళ్లో పెట్టుకొని. మామ పోయి ఆయన కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. ముసలాయన మామ తల మీద చెయ్యి వేసి, "గంత విప్పినట్టే ఉరికింది. నేను రెప్ప కొట్టలే. అప్పటిదాక అది చిరుతనే. నాకు చాలు" అన్నాడు. అవ్వ ముంతతో నీళ్లు ఇస్తే తాగాడు. మర్నాడు దుకాణానికి వచ్చి, ఉత్తదని తెలిసీ ఆ చిరుత ఫోటోనే అడిగి తీసుకొని, ఎప్పుడూ చెప్పినట్టే కళ్లకు అద్దుకున్నాడట.

దుకాణం ముందు ఖాళీ అయిన మేకుకు మామ అవ్వ ఫోటో తగిలించాడు. అవ్వకు తెలిసి, దించమని చెప్పడానికి దేవరకొండ దాకా నడిచిపోయింది. అక్కడ మా దిక్కు ఆడవాళ్లు ఇద్దరు ఆ ఫోటో చూస్తూ, "గీ అవ్వే గింత మంచిగ నవ్వంగ మనకేమైంది" అనుకోవడం విని, దించమనకుండానే తిరిగి వచ్చింది. ఆ చలికాలం నెమలి పరదా ముందు మా ఊళ్ల వాళ్లు చాలామంది నోళ్లు తెరిచి నిలబడ్డారు. జమేదారు చుక్కలు మాత్రం పాత బొచ్చు రాలి కొత్తది వచ్చేదాకా పోలేదు. పక్కింటాయన తన ఎదురుగా దూకిన చిరుత వేరే అని చివరిదాకా అంటూనే ఉన్నాడు.

తర్వాత నా పెళ్లయింది. ఆ తర్వాత గడబిడ రోజులు వచ్చాయి, నవాబుల దొరతనం పోయింది, మా ఊళ్లో వెట్టికి పిలిచే గొంతులు మూగబోయాయి. జమేదారు గడపకు అడ్డంగా పడుకునే పోయింది. దాన్ని దాటడం అలవాటైన అవ్వ బతికినన్ని రోజులూ అక్కడికి రాగానే ఒక అడుగు పెద్దగా వేసేది.

మునిమనవడు అన్నం తిని మళ్లీ వచ్చి, "మరి ఆ ఫోటో ఏది?" అని అడిగాడు. పెట్టె తీయించి చూపించాను. అంచులు పసుపుపట్టిపోయాయి. జమేదారు తోక ఉండాల్సిన చోట పొగలాంటిది ఉంది, అది ఆగకుండా ఊపుతూనే ఉంది మరి. వాడు చుక్కలు చూశాడు, చెవులు చూశాడు, చివరికి అవ్వ దగ్గర ఆగి, "గీమె ఎవరు తాతమ్మా? గింత మంచిగ నవ్వుతాంది" అన్నాడు. చెప్పబోయి ఆగిపోయాను. ఆ రోజు అవ్వకు అరవై కూడా నిండలేదు, నాకు తొంభై దాటాయి. నన్ను అదిలించి పెంచిన మనిషి నాకంటే ఎంతో చిన్నదైపోయింది. ఇప్పుడు ఆ ఫోటో చూస్తుంటే, ఎక్కడో పెద్ద అల్లరి చేసి, దెబ్బ తప్పించుకొని నా దగ్గరికి పరుగెత్తుకొస్తున్న మనవరాలిని చూసినట్లే ఉంటుంది.